నాకు గుర్తులేని మూర్ఛ

ఖమ్మంలోని ఒక కోర్టులో పదకొండేళ్లుగా నేను చేస్తున్న పని సాక్షులు చెప్పే మాటలను టైపు చేయడం. ఒకే సంఘటనను ముగ్గురు మూడు విధాలుగా చెప్పడం, ఆ ముగ్గురిలో ఎవరూ అబద్ధం ఆడకపోవడం నాకు కొత్త కాదు. అయితే నా శరీరానికే జరిగిన ఒక సంఘటనకు నేను సాక్షిని కాకుండా పోయి, మా అమ్మ, మా తమ్ముడు, మేము అద్దెకున్న ఇంటి ఓనరమ్మ చెప్పిన మాటల నుంచి దానిని కూర్చుకోవలసి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. 2022 సెప్టెంబరు 9వ తేదీ ఉదయం నాకు ఫిట్స్ వచ్చాయి. రక్తక్యాన్సర్‌కు కీమో మొదలుపెట్టి అది 19వ రోజు.

జబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. ఆ జులైలో తగ్గని జ్వరం, చిగుళ్ల నుంచి రక్తం, తొడల మీద దెబ్బ తగలకుండానే నీలి మచ్చలు వచ్చాయి. ఎముక మజ్జ పరీక్షలో అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా, బి-సెల్ రకం అని తేలింది. ఎక్కువగా పిల్లల్లో కనిపించే ఈ జబ్బు 33 ఏళ్ల నాకు వచ్చింది. హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రిలో వైద్యం మొదలైంది. పిల్లవాడిని అత్తగారి దగ్గర వదిలి, ఆసుపత్రికి నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఒక గది అద్దెకు తీసుకున్నాము. మా ఆయన ఉద్యోగం వల్ల వారంలో సగం రోజులు ఖమ్మంలోనే ఉండేవారు; నా దగ్గర అమ్మ, తమ్ముడు ఉండేవారు.

చికిత్సలో మొదటి దశను ఇండక్షన్ అంటారు. వారానికొకసారి విన్‌క్రిస్టిన్, డానోరూబిసిన్, రోజూ స్టెరాయిడ్ మాత్రలు, రెండో వారం నుంచి రోజు విడిచి రోజు ఎల్-ఆస్పరాజినేజ్ ఇంజెక్షన్లు ఇచ్చేవారు. వీటితోపాటు వెన్నులోకి మెథోట్రెక్సేట్ ఎక్కించేవారు. నరం ద్వారా ఇచ్చే చాలా మందులు మెదడు దాకా సరిగా చేరవు కాబట్టి, క్యాన్సర్ కణాలు అక్కడ దాక్కోకుండా ముందుజాగ్రత్తగా ఈ వెన్ను సూది వేస్తారు. ఎల్-ఆస్పరాజినేజ్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నా కథ దాని చుట్టూనే తిరుగుతుంది. ల్యుకేమియా కణాలు ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లాన్ని తమకు సరిపడా తామే తయారు చేసుకోలేక రక్తం నుంచి తీసుకుంటాయి. ఈ మందు రక్తంలో ఉన్న ఆస్పరాజిన్‌ను విడగొట్టి ఆ కణాలను పస్తు పెట్టి చంపుతుంది. కానీ అదే దెబ్బకు కాలేయం తయారు చేసే ప్రోటీన్లూ తగ్గుతాయి. వాటిలో రక్తాన్ని గడ్డకట్టించే ఫైబ్రినోజెన్ ఉంటుంది, అతిగా గడ్డకట్టకుండా ఆపే యాంటీథ్రాంబిన్ కూడా ఉంటుంది. అంటే ఈ మందు తీసుకుంటున్నవారిలో రక్తస్రావానికీ, రక్తం గడ్డకట్టడానికీ ఒకేసారి అవకాశం ఉంటుంది. ఈ విషయం సంతకం పెట్టించుకున్న కాగితాల్లో రాసే ఉంది. కాగితాలు చదవడమే జీవనోపాధిగా ఉన్న నేను ఆ కాగితాన్ని చదవకుండా సంతకం పెట్టాను.

సెప్టెంబరు 5న వెన్ను సూది వేశారు. మరుసటి రోజు నుంచి తలనొప్పి మొదలైంది. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే, వెన్ను సూది తర్వాత రెండు మూడు రోజులు తలనొప్పి మామూలేనని, తలగడ తీసేసి వెల్లకిలా పడుకోమని, నీళ్లు, కాఫీ బాగా తాగమని చెప్పారు. చెప్పినట్లే చేశాను. పడుకుంటే నొప్పి ఇంకా ఎక్కువయ్యేది. తెల్లవారేసరికి తల పగిలిపోతున్నట్లు ఉండేది. దగ్గితే, ముక్కితే కళ్ల వెనుక పోటు వచ్చేది. మూడో రోజున రెండుసార్లు వాంతి అయింది. లేచి గోడకు ఆనుకుని కూర్చుంటే కొంచెం ఉపశమనంగా ఉండేది. వెన్ను సూది వల్ల వచ్చే తలనొప్పి దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంటుందని, కూర్చుంటే పెరిగి పడుకుంటే తగ్గుతుందని తర్వాత న్యూరాలజీ డాక్టరు గారు చెప్పారు. ఫోనులో నన్ను ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. నేనైనా అడగకుండానే చెప్పవలసింది. కానీ కీమోలో ఉన్న మనిషికి వంట్లో నొప్పి లేని చోటు ఉండదు. ఏ నొప్పిని ఫిర్యాదు చేయాలో, ఏ నొప్పిని ఓర్చుకోవాలో తెలియక నేను అన్నింటినీ ఓర్చుకోవడం అలవాటు చేసుకున్నాను.

ఇక 9వ తేదీ సంగతి. ఇది ముగ్గురి వాంగ్మూలం.

అమ్మ చెప్పినది: "నువ్వు మంచం మీద కూర్చొని దువ్వెన అడిగినవు. ఇచ్చేలోపల కండ్లు పైకి పోయినయి. అరగంట కొట్టుకున్నవు బిడ్డా, నోట్లో నుంచి నురగ, నెత్తురు." అమ్మ వెంటనే గోడకు తగిలించిన తాళంచెవుల గుత్తి తెచ్చి నా పిడికిట్లో పెట్టిందట. ఇనుము పట్టుకుంటే మూర్ఛ దిగుతుందని మా ఊరిలో అందరూ నమ్ముతారు. ఓనరమ్మ చెప్పినది: కేకలు విని పైకి వచ్చేసరికి ఒళ్లంతా బిగుసుకుపోయి ఉంది, పళ్లు గిట్టకరిచి ఉన్నాయి, తాను ఉల్లిపాయ కోసి ముక్కు దగ్గర పెట్టింది, నాలుక తెగకుండా స్పూను పెట్టబోతే మీ తమ్ముడు చెయ్యి పట్టుకుని లాగేశాడు. ఆమెకు ఆ లాగడం గురించి కొంచెం మనస్తాపం ఇప్పటికీ ఉంది.

తమ్ముడు ఆర్టీసీలో కండక్టరు. ప్రథమ చికిత్స శిక్షణలో విన్న నాలుగు మాటలు వాడికి గుర్తున్నాయి: నోట్లో ఏమీ పెట్టకూడదు, కాళ్లూ చేతులూ అదిమి పట్టకూడదు, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, గడియారం చూడాలి. వాడు నన్ను ఎడమవైపుకు ఒరిగించి, తల కింద తువ్వాలు మడిచి పెట్టి, మంచం పక్కనున్న స్టూలును దూరంగా జరిపాడు. వాడు చెప్పిన దాని ప్రకారం మొదట నా కుడిచేతి వేళ్లు మాత్రమే ఎగిరాయి, ఆ తర్వాత ముంజేయి, ఆ తర్వాత మూతి కుడివైపుకు లాగింది, తల కూడా కుడివైపుకు తిరిగింది, అప్పుడు ఒళ్లంతా. దువ్వెన నేను కుడిచేత్తో అందుకోబోయాను కాబట్టి వాడి చూపు ఆ చేతి మీదే ఉంది. ఎంతసేపు అంటే రెండు నిమిషాలు అన్నాడు. వాడి ఫోనులో చూస్తే మా ఆయనకు చేసిన కాల్ 6 గంటల 14 నిమిషాలకు ఉంది, ఆ తర్వాత 38 సెకన్ల వీడియో ఉంది, నేను సద్దుమణిగాక ఆటో అతనికి చేసిన కాల్ 6 గంటల 18 నిమిషాలకు ఉంది. అంటే నాలుగు నిమిషాలు. అమ్మ అరగంట, తమ్ముడి రెండు నిమిషాలు రెండూ నిజమే కావచ్చు, కానీ రికార్డుకు ఎక్కవలసినది ఫోను చెప్పిన సమయమే. వీడియో తీసినందుకు అమ్మ వాడిని బాగా తిట్టింది. "డాక్టరు అడిగితే నేను చెప్పలేనమ్మా, అందుకే తీసిన" అన్నాడట.

ఆసుపత్రి అత్యవసర విభాగంలో స్పృహ పూర్తిగా రాకముందే రెండోసారి వచ్చింది, ఈసారి అయిదు నిమిషాలు దాటినా ఆగలేదు. లొరాజెపామ్ ఇంజెక్షను 4 మిల్లీగ్రాములు నరంలోకి ఇచ్చారు, ఆ వెంటనే లెవెటిరాసెటామ్ అనే మందును పెద్ద మోతాదులో పావుగంటలో ఎక్కించారు. అయిదు నిమిషాలు అనే హద్దు ఊరికే పెట్టినది కాదట. చాలా మూర్ఛలు రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగుతాయి. అయిదు నిమిషాలు దాటినది తనంతట తాను ఆగే అవకాశం తక్కువ, ఆలస్యమైన కొద్దీ మందుకు లొంగదు కూడా.

నాకున్న మొదటి జ్ఞాపకం పైకప్పు మీది ట్యూబులైటు. నాలుక కొరుక్కుపోయి లావుగా ఉంది. ప్లేట్‌లెట్లు 38,000 మాత్రమే ఉండడం వల్ల రక్తం ఆగడానికి చాలాసేపు పట్టిందట. కుడిచేయి నాది కానట్లుగా పడి ఉంది. ఖమ్మం నుంచి పరుగెత్తుకొచ్చిన మా ఆయన ముఖం గుర్తుపట్టాను కానీ పేరు నోటికి రాలేదు. నీళ్లు కావాలన్నా, దుప్పటి కావాలన్నా, అమ్మ ఏదని అడగాలన్నా నా నోటి నుంచి వచ్చిన మాట ఒక్కటే: "ఫైలు". రెండు రోజులు ఆ మాటతోనే గడిపాను. అమ్మ భయపడి ఏడ్చింది. తమ్ముడు మాత్రం, ఆఫీసు వదలలేదమ్మా అక్కను, అన్నాడట. ఆ మాటకు తర్వాత ఎప్పుడో నవ్వాను.

ల్యుకేమియా ఉన్న మనిషికి ఫిట్స్ వస్తే అది ఒక జబ్బు పేరు కాదని, ఒక ప్రశ్న అని నాకు ఆ వారంలో అర్థమైంది. దానికి జవాబులు చాలా ఉంటాయి. క్యాన్సరే మెదడు పొరల్లోకి చేరి ఉండవచ్చు. ప్లేట్‌లెట్లు తగ్గి మెదడులో రక్తం కారి ఉండవచ్చు. తెల్లకణాలు లేని సమయంలో ఇన్ఫెక్షన్ మెదడుకు పాకి ఉండవచ్చు. స్టెరాయిడ్ వల్ల బీపీ పెరిగి మెదడు వెనుక భాగం ఉబ్బి ఉండవచ్చు. వెన్నులోకి ఎక్కించిన మెథోట్రెక్సేట్ ప్రభావం రెండు వారాల లోపు పక్షవాతం లాంటి లక్షణాలతో వచ్చి ఉండవచ్చు. సోడియం, కాల్షియం, చక్కెర పడిపోయి ఉండవచ్చు. ప్రతి కారణానికీ వైద్యం వేరు, కొన్నింటికి ఒకదానికొకటి విరుద్ధం కూడా. అందుకే మూర్ఛను ఆపడం మొదటి పదిహేను నిమిషాల పని మాత్రమే. మిగతా రెండు రోజులూ ఎందుకు వచ్చింది అన్న విచారణే జరిగింది.

వేలి నుంచి చుక్క రక్తం తీసి చక్కెర చూశారు, బాగానే ఉంది. బీపీ 130/84. సోడియం 131, కొంచెం తక్కువే కానీ ఫిట్స్ తెప్పించేంత కాదన్నారు. ఫైబ్రినోజెన్ 70 అని వచ్చింది. మామూలుగా 200 నుంచి 400 ఉండాలి. సీటీ స్కాన్‌లో పెద్ద రక్తస్రావం లేదన్నారు. నాలుగు రోజుల క్రితం వెన్ను నీటిలో క్యాన్సర్ కణాలు లేవని రిపోర్టు ఉంది. అప్పుడు న్యూరాలజీ డాక్టరు గారు వచ్చి నన్ను కాకుండా మావాళ్లను ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. ఏ చెయ్యి ముందు? కళ్లు ఎటు తిరిగాయి? స్పృహ పోయే ముందు మాట్లాడిందా? తర్వాత ఏ చెయ్యి ఎత్తలేకపోయింది? తలనొప్పి ఎన్ని రోజులు, పడుకుంటే పెరిగేదా, తగ్గేదా? తమ్ముడు వీడియో చూపించాడు. ఆమె దానిని మూడుసార్లు చూసి, మొదలు చూసిన వాడి మాటకూ వీడియోకూ పొంతన ఉందని, కుడివైపు మొదలైంది కాబట్టి మెదడు ఎడమ భాగంలో ఏదో ఉందని, తలనొప్పి తీరును బట్టి సిరల్లో గడ్డ గురించి చూడాలని అన్నారు. మామూలు ఎంఆర్ఐతో పాటు మెదడు సిరలను చూపించే ఎంఆర్ వీనోగ్రఫీ కూడా రాశారు. ఇన్నేళ్లలో నేను ఎన్నో క్రాస్ ఎగ్జామినేషన్లు టైపు చేశాను. అంత పొందికగా అడిగినవి తక్కువ.

వీనోగ్రఫీలో నడినెత్తి కింద ముందు నుంచి వెనక్కు పోయే పెద్ద సిరలో గడ్డ కనిపించింది. రక్తం వెనక్కు పోయే దారి మూసుకుపోవడంతో ఎడమ భాగంలో కొంత మేర వాపు వచ్చింది, అందులో చిన్న రక్తపు మరక కూడా ఉంది. ఆస్పరాజినేజ్, స్టెరాయిడ్, ఒంట్లో క్యాన్సర్, వాంతులతో ఎండిపోయిన శరీరం, ఇవన్నీ కలిసి ఆ గడ్డను తెచ్చాయని చెప్పారు. డాక్టరు గారు ఇంకొకటి అడిగారు: నెలసరి ఆగడానికి ఏమైనా మాత్రలు వాడుతున్నారా? వాడుతున్నాను. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నప్పుడు నెలసరి వస్తే రక్తం ఆగదని మొదటి వారంలోనే హార్మోను మాత్రలు రాశారు. ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు గడ్డలకు దారితీస్తాయి. నేను వాడిన నోరెథిస్టెరాన్ లాంటివి కూడా పెద్ద మోతాదులో వాడినప్పుడు శరీరంలో కొంత ఈస్ట్రోజెన్‌గా మారతాయట. ఆ రోజే వాటిని ఆపి, నెలకొకసారి వేసే ల్యూప్రోలైడ్ ఇంజెక్షనుకు మార్చారు. మందుల చీటీలో ఆ మాత్ర పేరు లేదు, ఎందుకంటే దానిని వేరే విభాగం వాళ్లు వేరే కాగితం మీద రాశారు. నెలసరి మాత్రలంటే ఆడవాళ్లు పెద్ద మందుగా లెక్కపెట్టరు, నేనూ లెక్కపెట్టలేదు.

ఇక్కడే మా ఇంట్లో గొడవ జరిగింది. మెదడులో రక్తపు మరక ఉంది, ప్లేట్‌లెట్లు 38,000 ఉన్నాయి, నాలుక నుంచి కారిన రక్తం తలగడ మీద ఇంకా ఆరలేదు. అలాంటి మనిషికి రక్తం పలచబరిచే మందు ఇస్తామంటున్నారు, సంతకం పెట్టమంటున్నారు. మా ఆయన పెట్టనన్నారు. రక్తజబ్బులు చూసే హెమటాలజీ డాక్టరు గారు ఆయనను కూర్చోబెట్టి, తూము మూసుకుపోతే చెరువు నీరు కట్ట తెంచుకుని పొర్లుతుందని, ఆ మరక అలా పొర్లినదేనని, తూము తెరవకపోతే ఇంకా పొర్లుతుందని చెప్పారు. మాది నీళ్ల విలువ తెలిసిన ప్రాంతం కాబట్టి ఆ మాట ఎక్కింది. ముందుగా ప్లేట్‌లెట్లు ఎక్కించి 50,000 దాటించి, ఎనాక్సాపారిన్ ఇంజెక్షను పూటకు 60 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు మొదలుపెట్టారు. నా బరువు అప్పుడు 58 కిలోలు. ఈ మందు పనిచేయాలంటే ఒంట్లో యాంటీథ్రాంబిన్ ఉండాలి, ఆస్పరాజినేజ్ తగ్గించేదీ దానినే. అందువల్ల రోజూ రక్తపరీక్షలు చూసుకుంటూ ముందుకు వెళ్లారు. ఆస్పరాజినేజ్ ఇంజెక్షన్లు అప్పటికి ఆపేశారు.

ఫిట్స్ మందు విషయంలో నేను నేర్చుకున్నది వేరే ఆసుపత్రుల్లో ఉన్నవారికి కూడా పనికివస్తుందని కొంచెం వివరంగా రాస్తున్నాను. మన ఊళ్లలో ఫిట్స్ అనగానే ఫినిటాయిన్, కార్బమజెపిన్, ఫినోబార్బిటాల్ రాయడం ఎప్పటినుంచో ఉన్న అలవాటు. అవి మంచి మందులే. కానీ అవి కాలేయంలోని ఎంజైములను ఉరకలెత్తిస్తాయి. ఆ ఎంజైములు విన్‌క్రిస్టిన్‌ను, స్టెరాయిడ్‌ను, మరికొన్ని కీమో మందులను కూడా త్వరగా విరిచి బయటికి పంపేస్తాయి. అమెరికాలోని మెంఫిస్‌లో ఉన్న సెయింట్ జూడ్ ఆసుపత్రి పరిశోధకులు, ఇదే జబ్బుకు కీమో తీసుకుంటూ ఇలాంటి మందులను ఎక్కువకాలం వాడిన పిల్లల్లో క్యాన్సర్ చికిత్స ఫలితాలు తక్కువగా ఉన్నాయని 2000లో ప్రకటించారు. వాల్‌ప్రొయేట్ అనే మరో ఫిట్స్ మందు ప్లేట్‌లెట్లను తగ్గించగలదు, కాలేయం మీద భారం వేస్తుంది, గర్భం దాల్చే వయసు స్త్రీలకు అసలు మంచిది కాదు. లెవెటిరాసెటామ్ ఎక్కువ భాగం మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది, కాలేయపు ఎంజైముల జోలికి వెళ్లదు. అందుకే నాకు అది రాశారు: 500 మిల్లీగ్రాముల మాత్ర ఉదయం ఒకటి, రాత్రి ఒకటి; వారం తర్వాత 750 చేశారు. మూత్రపిండాలు దెబ్బతింటే మోతాదు తగ్గించాలని, అందుకే వాటి పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్షను ప్రతిసారీ చూపించమని చెప్పారు.

ఆ మందుకు దాని సొంత గుణం ఒకటి ఉంది, కోపం. మొదటి నెలలో చారులో ఉప్పు తగ్గిందని స్టీలు గ్లాసు విసిరాను. అది తమ్ముడి భుజానికి తగిలింది. జబ్బు వల్ల మనసు విరిగిందని అమ్మ, స్టెరాయిడ్ అని నేను, గ్రహాలని అత్తగారు అనుకున్నాము. ఓపీలో తమ్ముడు మాటవరసకు గ్లాసు సంగతి చెప్పినప్పుడే అది ఈ మాత్ర వల్ల కూడా కావచ్చని తెలిసింది. మోతాదును తిరిగి 500కు తగ్గించారు, స్టెరాయిడ్ కూడా అప్పటికి తగ్గుతూ వచ్చింది, నా నోరు అదుపులోకి వచ్చింది. కోపం ఏ మందును తగ్గించడం వల్ల తగ్గిందో తేల్చడం సాధ్యం కాదు.

వార్డులో మరో ఇద్దరికి ఫిట్స్ రావడం చూశాను. పక్క మంచం మీద ఉన్న 19 ఏళ్ల అబ్బాయికి ఊపిరితిత్తుల్లో ఫంగస్ ఉందని వొరికొనజోల్ మొదలుపెట్టారు. అది విన్‌క్రిస్టిన్ ప్రభావాన్ని పెంచుతుంది, విన్‌క్రిస్టిన్ ఒంట్లో నీరు నిలబెట్టి సోడియంను పలచన చేస్తుంది. వాడి సోడియం 116కు పడిపోయి ఫిట్స్ వచ్చాయి. ఘాటైన సెలైన్ కొద్దిగా ఎక్కించి, నీళ్లు తగ్గించి, ఫంగస్ మందు మార్చారు. ఫిట్స్ మాత్రలు వాడికి ఇంటికి రాయనే లేదు. పిల్లల వార్డు నుంచి స్కానింగుకు వచ్చిన ఒక చిన్నపాపకు స్టెరాయిడ్ వల్ల బీపీ పెరిగి, ముందు మలబద్ధకం, కడుపునొప్పి, తర్వాత కళ్లు కనిపించడం లేదని ఏడుపు, తర్వాత ఫిట్స్ వచ్చాయని వాళ్ల అమ్మ చెప్పింది. బీపీ దిగాక పాపకు చూపు వచ్చింది. మాకు ముగ్గురికీ వచ్చినది చూసేవారికి ఒక్కటే, ఫిట్స్.

అక్టోబరులో ఎముక మజ్జలో క్యాన్సర్ కణాలు కనిపించలేదన్నారు. ఆ తర్వాత నెలలన్నీ రక్తం పలచబరిచే ఇంజెక్షన్ల లెక్కతోనే నడిచాయి. మా ఆయన పొట్ట మీద సూది వేయడం నేర్చుకున్నారు. ఉదయం 8కి కుడివైపు, రాత్రి 8కి ఎడమవైపు. వెన్ను సూది ఉన్న రోజుకు ముందు 24 గంటలు ఆ ఇంజెక్షను ఆపాలి, ప్లేట్‌లెట్లు 50,000 పైన ఉండాలి, సూది వేశాక డాక్టరు చెప్పిన సమయానికే తిరిగి మొదలుపెట్టాలి. ఒకసారి వెన్ను సూది రోజు ఉదయం పొరపాటున ఇంజెక్షను వేసుకుని వెళ్లాను. తిప్పి పంపించారు, నాలుగు రోజులు వెనక్కి పడింది. ఆ తర్వాత తమ్ముడు క్యాలెండరులో ఎర్ర పెన్నుతో గుండ్రాలు చుట్టడం మొదలుపెట్టాడు.

అన్నింటికంటే కష్టమైన నిర్ణయం ఆస్పరాజినేజ్‌ను తిరిగి మొదలుపెట్టడం. ఈ జబ్బు తిరగబెట్టకుండా ఉండాలంటే ఆ మందు చాలా ముఖ్యమని, గడ్డ కరుగుతున్నప్పుడు ఎనాక్సాపారిన్ రక్షణలో మళ్లీ ఇవ్వవచ్చని హెమటాలజీ డాక్టరు గారు అన్నారు. మూడు నెలలకు తీసిన వీనోగ్రఫీలో సిర చాలావరకు తెరుచుకుంది. అమ్మ వద్దన్నది. ఈసారి సమ్మతి పత్రాన్ని కోర్టు కాగితంలా అక్షరం అక్షరం చదివాను, అర్థం కాని నాలుగు చోట్ల అడిగాను, అప్పుడు సంతకం పెట్టాను. మొదటి డోసు తర్వాత పది రోజులు తలనొప్పి వస్తుందేమోనని కాచుకుని కూర్చున్నాను. పడుకున్నప్పుడు, దగ్గినప్పుడు, వంగినప్పుడు తలను పరీక్షించుకునేదాన్ని. రాలేదు.

ఇంటికి వెళ్లేటప్పుడు మిడజోలామ్ ముక్కు స్ప్రే ఒకటి ఇచ్చి, అయిదు నిమిషాలు దాటితే ఎన్నిసార్లు కొట్టాలో బరువును బట్టి లెక్కవేసి రాసిచ్చారు. మలద్వారంలో పెట్టే డయజెపామ్ మందు ఇంట్లో ఎవరో తెచ్చిపెడితే, తెల్లకణాలు తక్కువగా ఉన్న రోజుల్లో ఆ దారిన ఏదీ పెట్టకూడదని, అక్కడ చిన్న గాయమైనా ఇన్ఫెక్షన్ రక్తంలోకి వెళుతుందని చెప్పారు. తమ్ముడు ఒక కాగితం రాసి బీరువా తలుపుకు అంటించాడు: పక్కకు తిప్పు, నోట్లో ఏమీ వద్దు, టైము చూడు, ఏ వైపు మొదలైందో చూడు, ఫోన్ చేయి. అమ్మకు చదువు రాదు కాబట్టి దానిని ఆమె చేత రోజూ అప్పజెప్పించేవాడు. తాళంచెవులు మాత్రం ఆమె దిండు కింద నుంచి తీయలేదు. వాటివల్ల నష్టం లేదు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

ఊరికి వెళ్లాక ఒక సంగతి గమనించాను. క్యాన్సర్ అంటే జాలిపడి పండ్లు తెచ్చినవారే ఫిట్స్ అన్న మాట వినగానే కొంచెం వెనక్కి జరిగేవారు. ఒక దగ్గరి బంధువు, తమ్ముడికి సంబంధాలు చూస్తున్నారు కదా, ఫిట్స్ సంగతి బయటికి చెప్పకండి, అని అమ్మకు సలహా ఇచ్చింది. క్యాన్సర్ సంగతి చెప్పవచ్చట. నాకు వచ్చినది వంశపారంపర్యం కాదు, ఒక మందు వల్ల సిరలో ఏర్పడ్డ గడ్డ అని నేను వివరించబోయాను. తమ్ముడు, వదిలేయక్కా, అడిగినవాళ్లకు నేనే చెబుతాను, అన్నాడు. పెళ్లిచూపుల్లో అమ్మాయి తండ్రితో వాడే చెప్పాడు. ఆయన రిటైరైన కాంపౌండరు. లెవెటిరాసెటామ్ ఎంత డోసు అని మాత్రమే అడిగారు.

డాక్టరు గారు సరే అనేవరకు స్కూటీ నడపలేదు. తొమ్మిది నెలలు మా ఆయన వెనుక కూర్చునే కోర్టుకు వెళ్లాను. స్నానాల గది తలుపుకు గడియ పెట్టుకోలేదు, పొయ్యి దగ్గర ఒంటరిగా నిలబడలేదు. ఆస్పరాజినేజ్ డోసులన్నీ అయిపోయి, ఎనాక్సాపారిన్ ఆపి, స్కానింగ్, మెదడు విద్యుత్ తరంగాలను చూసే ఈఈజీ పరీక్ష రెండూ బాగున్నాయన్న తర్వాత 2023 జూన్‌లో ఫిట్స్ మాత్ర తగ్గించడం మొదలుపెట్టారు: రెండు వారాలకొకసారి 250 మిల్లీగ్రాముల చొప్పున. ఉన్నట్టుండి ఆపితే ఆ ఆపడమే మూర్ఛను తెస్తుందని మరీ మరీ చెప్పారు. ఇప్పుడు మెయింటెనెన్స్ అనే చివరి దశ చికిత్సలో రోజూ మెర్కాప్టోప్యూరిన్ మాత్రలు, వారానికొకసారి మెథోట్రెక్సేట్ మాత్రలు మాత్రమే వేసుకుంటున్నాను. కుడిచేతి చూపుడువేలు టైపు చేసేటప్పుడు అప్పుడప్పుడు ఒక అక్షరం వెనకబడుతుంది, అంతే.

తమ్ముడి వీడియోను నేను ఒక్కసారే చూశాను, చివరి ఫిట్స్ మాత్ర వేసుకున్న రాత్రి. 38 సెకన్లలో నా ముఖం పది సెకన్లు కూడా లేదు. ఎక్కువసేపు కనిపించేది అమ్మ చేతులు, ఆ తాళంచెవుల గుత్తి, నేల మీద పడిన దువ్వెన. దానిని ఇక తీసేయమని చెప్పాను. వాడు తలూపాడు కానీ తీయలేదు. న్యూరాలజీ డాక్టరమ్మ ఉంచుకోమన్నారక్కా, మళ్లీ ఎప్పుడైనా వస్తే దీనితో పోల్చి చూడాలట, అన్నాడు.